వంతు తప్పినవాణ్ణి ఏం చేస్తారు

గురువారం, రాత్రి

కాలువ ఎగువన పొలమున్న వెంకన్న నా వంతు నీళ్లు మలుపుకోవడం ఏళ్ల నుంచి చూస్తున్నాను. అడిగితే "చివర భూమి ఎవడు కొనుక్కోమన్నడు నిన్ను" అంటాడు. ఇప్పుడు నా వరి పొట్టకొచ్చింది, మడి నెర్రెలు పడింది. సోమవారం త్రిపురారంలో కాలువ రైతుల మీటింగు.

సాయంత్రం స్పెయిన్‌లో చదువుతున్న మనవరాలు శ్రావణి ఫోన్ చేసింది. ఆమె ఉండేది కూడా వరి పండే ఊరే. స్పానిష్ భాష క్లాసులో కన్నా ఆ రైతుల మధ్యనే ఎక్కువ వస్తోందట. వాళ్లు కాలువ వంతులు మాట్లాడుకునేటప్పుడు పోయి కూర్చుంటుందట.

"వంతు తప్పినోన్ని ఆడ ఏం చేస్తరు?" అన్నాను.

"అందరి ముంగట నిలబెట్టి అడుగుతరు తాతా. తర్వాత ఏం చేస్తరో చెప్పిన్రు గని, జల్ది మాట్లాడితే నాకు సమజ్ కాలె."

"మల్ల అడుగు. సోమవారం మా మీటింగుల గూడ అట్లనే చెయ్యమనాలె."

"తప్పు మాట్లాడితే నవ్వుతరు. నాకు సిగ్గయితది."

"నవ్వనీ. నీ సిగ్గుకు నా వరి ఎండాల్నా?"

"నువ్వు మీటింగుల ఎన్నడన్న లేసి అడిగినవా తాతా?"

నేను ఫోన్ పెట్టేశాను. అన్నం సయించలేదు. చిన్నపిల్ల అంత మాట అంటుందా. అన్నది అబద్ధమైతే ఇంత మండేది కాదు.

మళ్లీ నేనే ఫోన్ చేశాను. "సోమవారం నేను లేస్త. నువ్వు ఆడ లేసి అడుగు" అన్నాను. చూస్తానంది. చూస్తానంటే కుదరదు. నిలబెట్టినంక వాణ్ణి ఏం చేస్తారో ఆదివారం పొద్దుగూకేలోపు నాకు చెప్పాలి.