కాలవకు నీళ్ళొచ్చిన రోజు

మాచర్ల

అమ్మకు వందనాలు. కెమెరా కొని ఊరికే పెట్టుకున్నానని దిగులుపడకు. మద్రాసు కంపెనీవారు దాన్ని అద్దెకు తీసుకుని, నడపడానికి నన్నూ, నాకు సాయంగా జ్ఞానయ్యనూ కుదుర్చుకున్నారు. నిన్న ఇక్కడి కాలవకు మొదటిసారి సాగరు నీళ్ళు వదులుతుంటే సినిమా తీశాం. ఎండిన మట్టిమీద నురగ కదిలి వస్తుంటే అంత జనమూ నిలబడిపోయారు. ఇంతలో ఒక ముసలమ్మ కెమెరాకు ఎదురుగా కాలవలోకి దిగింది.

"అడ్డం లేవమ్మా!" అని డైరెక్టరు అరిచాడు.

"పుట్టినకాడ్నుంచి నీళ్ళు మోస్తన్నానయ్యా, కాళ్ళన్నా తడవనీ" అంది.

ఆయన తనే పక్కకు తప్పుకున్నాడు. నేనూ కెమెరా ఆపలేదు.

బర్రె ఈనిందా? కంట్లో మందు వేసుకుంటున్నావా? మన శావల్యాపురానికీ నీళ్ళొస్తాయట, మెట్టచేనుకు గట్లు వేయించమని తమ్ముడికి చెప్పు. ప్రార్థనలో ఆ ముసలమ్మను కూడా తలుచుకో. పేరు అడగలేకపోయాను.

నీ కొడుకు,
కృపాదానం