ఉరుకుందప్ప ఇంటికి పోతున్నాడు

ఏమండీ,

ఎమ్మిగనూరు యువజన కూటం నుంచి రాగానే సంగటి తినండి. మజ్జిగ ఉట్టి మీద ఉంది. సాయంత్రం హాస్టలు పిల్లలకు పాటలు మీరే నేర్పండి. శ్రుతి తప్పితే కసురుకోవద్దు.

రంగూన్‌లో ఉన్నప్పుడు ప్రతి ఆదివారం మనం జైలుకు పోయి చూసొచ్చిన ఉరుకుందప్ప విడుదలయ్యాడు. పొద్దున మద్రాసు రైలు దిగి నేరుగా మనింటికే వచ్చాడు. రొట్టె పెడితే ముట్టలేదు. "కౌతాళంలో మాయమ్మ ఉండాది. ఖూనీ చేసినోన్ని, ఏం మొగం పెట్టుకోని పోదునమ్మా?" అని ఒకటే దిగులు. ఒక్కణ్ణే పంపితే దారిలోనే దిగిపోతాడు. అందుకని మధ్యాహ్నం బస్సుకు నేనూ వెంట పోతున్నాను. రేపు వస్తాను.

మీ సలోమి

ఇంకో మాట. తాళం వేస్తుంటే వాళ్లమ్మే వచ్చింది. ఈ వారం కొడుకు మనింటికి వస్తాడని మీరు ఆమెకు జాబు రాశారట. నాతో ఒక్క మాట చెప్పకూడదా? కోపం రావలసింది, నవ్వొస్తోంది. ఆమె అతని గడ్డం పట్టుకుని చూసి, "పన్నెండేండ్లాయ. ఇంగా నిలబడే ఉండావేమప్పా? ఇంటికి పోదాం పా" అంది. నన్నూ రమ్మంది. ఇప్పుడు తల్లీకొడుకులు నన్ను మరిచి బస్టాండు దారి పట్టారు. పరిగెత్తి అందుకోవాలి.