మంచి కాలు

పెడన,
2004 ఆగస్టు 9.

చిరంజీవి ధనశ్రీకి,

నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ అమ్మా వేళకి తింటున్నాం, వేళకి పడుకుంటున్నాం. అంతవరకూ క్షేమమే. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం గురువారం అందింది. రాష్ట్ర జట్టు క్యాంపుకి నీ పేరు రాశారన్న చోట మీ అమ్మ ఆపి మళ్లీ చదివించుకుంది. నేను సంతోషంగా చదివానని రాయాలనే ఉంది. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని వీధిలోకి వెళ్లిపోయాను. ఎందుకో నీకే తెలుస్తుంది. హాస్టలుకి ఫోను చేయొచ్చు కదా అన్నావు. వార్డెన్ గారి గదిలో, ఆవిడ ఎదురుగా నిలబడి నువ్వు వినాల్సిన సంగతి కాదమ్మా ఇది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబు. మీ అమ్మకి దగ్గు తగ్గింది. కాలవకి నీళ్లొచ్చాయి, దోమలూ వచ్చాయి. మీ కోచ్ గారి భార్య అడిగిన జరీ అంచు చీర మాత్రం మన మగ్గం మీద రాదు. మన వీధి జక్కయ్య చేత నేయించి పంపుతానని చెప్పు. నేను మగ్గం మానేశాను. నెల దాటింది. నీకు చెప్పొద్దని మీ అమ్మతో నేనే అన్నాను.

నా కుడికాలి సంగతి నువ్వు వేసవిలో చూశావు. నువ్వు హాస్టల్లో చేరకముందు, గుడివాడ బస్టాండులో మెట్టు దిగుతుంటే మడతపడిన కాలు అది. వాపు పూర్తిగా తగ్గకముందే మళ్లీ మగ్గంలో కూర్చున్నాను. అప్పటినుంచి చదునైన రోడ్డు మీద కూడా చీలమండ పక్కకి ఒరిగిపోతూనే ఉంది. జూన్ నెలాఖరులో మగ్గం గుంటలోంచి లేస్తుంటే కాలు మెలితిరిగి పడిపోయాను. ఆసరా కోసం మగ్గానికి సాగదీసిన పడుగు మీద చేతులు వేశాను. దారాలు తెగి గుంటలోకి వేలాడాయి. మీ అమ్మ వాటిని చూసి, "ఇంక మీ మాట వినను. బెజవాడ పోదాం పదండి" అంది.

గవర్నర్‌పేటలో ఎముకల డాక్టరు రామకోటేశ్వరరావు గారికి చూపించుకున్నాం. నెమ్మదైన మనిషి. బల్ల అంచున కూర్చోబెట్టి కాళ్లు వేలాడేయమన్నారు. నేను కుడికాలు ముందుకి చాపాను.

"అది తర్వాతండీ. ముందు మంచి కాలు చూస్తాను. అది ఎంత బిగువుగా ఉందో తెలిస్తేనే ఇది ఎంత వదులైందో తెలిసేది" అన్నారు.

ఒక చేత్తో చీలమండ పైన ఎముకని అదిమిపట్టి, రెండో చేత్తో మడమని ముందుకి లాగారు. తర్వాత మడమని లోపలికి వంచి చూశారు. కుడికాలికీ అలాగే చేశారు. పిడి ఊడిపోతున్న కత్తిలాగా పాదం ముందుకి జారడం నాకే తెలిసింది. నొప్పి లేదు. అయిపోయిందనుకుంటే, ఆయన మళ్లీ ఎడమకాలు పట్టుకున్నారు. అప్పుడు భయం వేసింది నాకు.

ఎక్స్‌రే గదిలో సీసపు కోటు తొడుక్కున్న అతను పాదాన్ని లోపలికి మెలిపెట్టి పట్టుకుంటే ఫొటోలు తీశారు. రెండు కాళ్లకీ తీశారు. ఆ తర్వాత గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోమన్నారు. కుడికాలి మీద కళ్లు మూసుకోగానే ఒరిగిపోయాను. ఎడమకాలి మీద కాస్త నిలిచి, అటూ ఇటూ ఊగి, గోడ పట్టుకున్నాను. మీ అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చేతి బొటనవేలు ఇలా కిందికి వంచండి" అన్నారు డాక్టరు గారు. నా వేలు వెళ్లి ముంజేతికి ఆనింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"పాండురంగయ్య గారూ, కుడికాలికి దెబ్బ తగిలి కీలుని పట్టి ఉంచే లిగమెంట్ తెగింది. దాన్ని సరిగ్గా మాననివ్వలేదు. కానీ మీ కీళ్లు పుట్టుకతోనే వదులండీ. మీరు మంచిదనుకుంటున్న కాలూ అంతే."

"ఆపరేషన్ చేస్తే బిగుస్తుందా అండీ?"

"మీ లిగమెంట్‌నే లాగి కుట్టాలి. మీలాంటి ఒంటికి అది మళ్లీ సాగిపోతుంది. బాగుచేస్తానని ఆశ పెట్టలేను. పట్టీ వేసుకోండి, నేను చెప్పే ఎక్సర్‌సైజులు చెయ్యండి. నడుస్తారు. పొద్దస్తమానం కాళ్లతో తొక్కే పని మాత్రం వద్దు."

వేరే పని నాకేం వచ్చని అడగబోయాను. ఈలోగా మీ అమ్మ లేచి నిలబడింది.

"డాక్టరు గారూ, మా అమ్మాయి వేలు కూడా ఇట్టాగే వంగుద్దండీ. దానికేమన్నా అవుద్దా?"

"అందరికీ అవదమ్మా. కీళ్లు వదులుగా ఉన్నా హాయిగా తిరిగేవాళ్లు బోలెడుమంది. ఏం చేస్తుంది అమ్మాయి?"

"ఖోఖో ఆడుద్దండీ. ఇక్కడే, స్పోర్ట్స్ హాస్టల్లో."

ఆయన పెన్ను పక్కన పెట్టారు. "కాలు ఎప్పుడైనా బెణికిందా?"

"లేదండీ" అన్నాను నేను. నువ్వు చెప్పలేదు కనక నాకు తెలిసింది అంతే.

"అయితే సరే. ఒక్కసారి బెణికినా ఆట ఆపించి నా దగ్గరికి తీసుకురండి. ఈయనలాగా అశ్రద్ధ చేయనివ్వకండి."

ధనా, బెజవాడ వస్తే నన్ను చూడకుండా వెళ్లరుగా అని రాశావు. ఇన్నాళ్లూ దాచిన సంగతి ఇదే. ఆ సాయంత్రం మేము మీ గ్రౌండుకి వచ్చాం. ఆట మధ్యలో పిలవడం ఎందుకని ప్రహరీ గోడ పక్కన నిలబడ్డాం. నువ్వు ఎవరినో తరుముతూ వచ్చి పోల్ దగ్గర మలుపు తిరిగావు. నీ ఎడమకాలు మడతపడింది. కింద కూర్చుని చీలమండ నొక్కుకున్నావు. కోచ్ సారు చూశారా లేదా అని తల తిప్పి చూశావు. లేసు బిగించుకుని మళ్లీ పరిగెత్తావు. అది మొదటిసారి పడిన పిల్ల లేచే తీరు కాదు. అలా లేవడం నాకు అలవాటే.

మీ అమ్మ గేటు వైపు అడుగేసింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"సెలెక్షన్లు అయ్యేదాకా ఆగుదామే. ఇప్పుడు చెబితే పిల్ల చచ్చిపోద్ది" అన్నాను.

"మనం ఆగితే దాని కాలు ఆగుద్దా?" అంది. పెడన వచ్చేదాకా ఇంకో మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా రోజూ అదే అడుగుతోంది. నేను రోజూ రేపు రాస్తానంటున్నాను.

గురువారం నీ ఉత్తరంలో, "నా కాళ్లు రాయిలా ఉన్నాయి నాన్నా, బెంగపడకండి" అన్న మాట చదివాను. ఆ మాట నేను మీ అమ్మతో ఎన్నిసార్లు అన్నానో. అది చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

తల్లీ, ఇప్పుడు నేను పొద్దున్నే లేచి జక్కయ్య ఇంటికి నూలు కండెలు చుట్టి ఇస్తున్నాను. జాలిపడి ఇచ్చిన పని. వీధంతా మగ్గాల చప్పుడే. వినకూడదని దొడ్లోకి వెళ్లి కూర్చుంటాను. అక్కడికీ వినిపిస్తుంది. చేతులు బాగానే ఉన్నాయి, కళ్లు బాగానే ఉన్నాయి, కాలే మగ్గం దగ్గరికి రానివ్వదు. నాకు ఈ వయసులో వచ్చింది, నీకు పదహారేళ్లకే వస్తుందేమోనని తలుచుకుంటే పడుకున్నా నిద్ర రావడం లేదు. ఆ ఒళ్లు నా దగ్గరనుంచే వచ్చింది కదా.

శనివారం నిన్ను డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తాను. నా కాళ్లకి చేసినట్టే నీ కాళ్లకీ చేసి చూస్తారు. ఏమంటారో నాకు తెలియదు. నీ క్యాంపు పోవచ్చు. ఆటే పోవచ్చు. ఏమీ కాదని రాయమని మీ అమ్మ పక్కనే కూర్చుని అంటోంది. ఆయన అనని మాట నేనెలా రాయను?

మొదటి బస్సుకి బయల్దేరి వస్తాను. కోపం వస్తే రానని చెప్పు, ఏమీ అనను. నువ్వు వచ్చేదాకా గేటు బయట కూర్చుంటాను. చీకటి పడినా ఫర్వాలేదు. నేను లేకపోతే ఆగిపోయే పనేదీ ఇప్పుడు ఇంట్లో లేదు.

ఇట్లు,
మీ నాన్న,
పాండురంగయ్య.