ఒకే గ్లైడర్ 4.25కే నాలుగుసార్లు ఎగిరిన విషయం

సోమందేపల్లి,
సోమవారం, ఉదయం 10.00 గంటలు.

శ్రీయుత శిక్షణానుభవ పరిశీలనాధికారి గారి సముఖమునకు ధర్మవరం నివాసి, గౌరవ గ్లైడింగ్ శిక్షకురాలు జి. సుచిత్ర వ్రాసుకొను అర్జీ.

విషయం: జీతం లేకుండా నేర్పిన యాభై రెండు గంటలను అనుభవంగా గుర్తించి ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

అయ్యా,

1. నేను హిందూపురంలో ఒక బట్టల కంపెనీ ఆఫీసులో పని చేస్తూ, రెండేళ్లుగా శని, ఆదివారాలు సోమందేపల్లి దగ్గరి గ్లైడింగ్ కేంద్రంలో ఉచితంగా శిక్షణ ఇచ్చుచున్నాను. గ్లైడర్‌కు ఇంజను ఉండదు. ముందు సీట్లో నేర్చుకొనేవారు, వెనుక సీట్లో నేను. నేల మీది వించ్ అనే యంత్రం తాడు చుట్టి మమ్ములను పైకి లాగును. ఏడు నిమిషాల్లో దిగి వచ్చెదము. ఇంజను విమానం నేర్పే పాఠశాలలో శిక్షకురాలిగా చేరవలెనన్న, యాభై గంటలు నేర్పినట్లు తమ ధ్రువపత్రం ఉండవలెను. అందుకే ఈ సేవ. సేవాభావం కూడా కొంత ఉన్నది, లేదనను.

2. సదరు పాఠశాలలో చేరుటకు వయసు ముప్పై దాటరాదు. ఈ నెలాఖరుకు నాకు ముప్పై నిండును. ఇంక పన్నెండు రోజులు.

3. ఆదివారం సాయంత్రం ఒకే గ్లైడర్, ఒకే శిక్షకురాలితో, 4.25కే నాలుగు పర్యాయములు ఎట్లు బయలుదేరినదో తెలుపవలెనని తమ మొదటి మెమో. ఒక్క ఆదివారం కాదు, వరుసగా ఎనభై ఎనిమిది ఆదివారాలు అట్లే ఉన్నవి. తమరు అడిగినది న్యాయమే. అప్పుడు నేను పంపిన జవాబు ఇది.

మిట్టమధ్యాహ్నం మా పెనుకొండ వైపు గాలి గ్లైడర్‌ను కుదిపేస్తుంది. కొత్తగా ఎక్కేవారికి సాయంత్రం నాలుగున్నర దాటినాకనే గాలి నెమ్మదిస్తుంది. ఆదివారం నాలుగున్నర నుండి ఆరు వరకు రాహుకాలం. మా రిజిస్టరు రాసేది, వించ్ నడిపేది రెండూ అశ్వర్థప్ప గారే. బడి గుమాస్తాగా రిటైరైన మనిషి, డెబ్బై ఒకటో ఏడు. నాకు లాగే ఆయనకూ జీతం లేదు. గ్లైడర్‌ను రాహుకాలంలోనే తన చేత్తో పైకి లాగుతారు. పుస్తకంలో మాత్రం రాయరు. ప్రతి ఎగురుడునూ రాహుకాలం ముందుకు, 4.25కు జరిపి రాసినారు. ఎందుకని అడిగితే ఆయన చెప్పిన మాట:

"ఎగిరేది ఎగరండమ్మా, గాలి అప్పుడే బాగుంటాది, నేను కాదంటానా. పిల్లోళ్లు రాహుకాలంలో బయల్దేరినట్టు నా రాతతో ఉంటే మాత్రం నాకు అన్నం దిగదు."

నా తప్పు కూడా ఉన్నది. ధర్మవరం బస్సు పోతుందన్న తొందరలో ప్రతి ఆదివారం ఆ పుట చూడకుండా సంతకం పెట్టినాను. శిష్యుల పుస్తకాలన్నీ ఆ రిజిస్టరు చూసి నకలు చేసినవే.

4. పై సంజాయిషీకి తమ రెండవ మెమో అందినది. రిజిస్టరు రాసిన వ్యక్తిపై దొంగ రాతల ఫిర్యాదు ఇచ్చిన యెడల నా గంటలు పునఃపరిశీలింతురు. ఇవ్వని యెడల సంతకం పెట్టిన నన్ను కూడా అందులో భాగస్థురాలిగా ఎంచుదురు.

5. అయ్యా, నేనెక్కడికి పోవాలి? రెండేళ్ల క్రితం మా నాయన మగ్గం గుంటలో నుంచి లేవకుండానే "ఆడపిల్ల గాల్లో ఏం నేర్పిస్తాదప్పా" అన్నారు. మా ఇంటికి వచ్చి, ఆ గుంట పక్కన నేల మీద కూచొని, "బాగా నేర్పిస్తాదిలే, తాడు నా చేతిలోనే ఉంటాది గదా" అన్నది ఈ అశ్వర్థప్ప గారే. నాలుగు వందలకు పైగా సార్లు ఆయన లాగిన తాడు మీద పైకి పోయి క్షేమంగా దిగినాను. ఆయన మీద దొంగ అని నేను రాయాలి. రాయకపోతే నేను దొంగను. ఇంట్లో ఈ మాట చెప్పలేదు. ఇంజను లేని గ్లైడర్‌లో నాకెప్పుడూ ఇంత భయం వేయలేదు.

6. కావున ప్రార్థించునది: కాగితం పక్కన పెట్టి, వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు తమరే స్వయంగా దయచేయవలెను. ముందు సీట్లో తమరు కూర్చొనండి, వెనుక నేనుంటాను. నేర్పడం నాకు వచ్చునో రాదో ఏడు నిమిషాల్లో తేలిపోవును.

ఈ విన్నపమును తమరు తీరిక చేసుకొని, కోపగించక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జి. సుచిత్ర

తాజా కలం: ఈ అర్జీ పైన మొదట నేను వేసిన వేళ 7.50. అశ్వర్థప్ప గారు వచ్చి, మొత్తం చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా మీద రాయి తల్లీ, ఈ వయసులో నాకేమైతాది" అన్నారు. నేను రాయనన్నాను. నా చేతిలో పెన్ను తీసుకుని పైన 7.50 కొట్టేసి 10.00 అని వేసి, మళ్లీ శుభ్రంగా నకలు రాయమన్నారు. "సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలమమ్మా. నీ బతుకు కాగితం, చెడిపోకూడదు" అన్నారు.

ఇప్పుడు టైము ఎనిమిదీ నలభై. ఆయన పక్కనే కూచొని పది ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తున్నారు. ఆయన చెప్పినట్టే నకలు రాసినాను. ఈసారి మాత్రం చూసే సంతకం పెట్టినాను.