దుప్పట్ల గదిలో సంధి మాటలు

ఇంటి నుంచి,
నవంబరు 9, ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి తమ్ముడికి,

నిండు నూరేళ్ళూ చల్లగా ఉండమని దీవిస్తూ అక్క రాస్తున్న సంగతులు. ఇక్కడ అమ్మా, మీ బావా, నేనూ క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమేనని తలుస్తున్నాను అని రాయడం మర్యాద. ఇన్నాళ్ళుగా తలచీ తలచీ నా తల వాచిపోయింది కాబట్టి ఈసారి మర్యాద పక్కన పెట్టి అడుగుతున్నాను. బతికే ఉన్నానని రెండు ముక్కలు రాయడానికి నీకేం రోగంరా?

అమ్మ నీకోసం స్వెట్టరు అల్లింది. నువ్వు ఎదురుగా లేవని మీ బావ ఒంటికి కొలత పెట్టింది. అందులో నువ్వూ, నీ తుపాకీ, ఇంకో సైనికుడూ హాయిగా పడతారు. వేసుకోకపోతే ఊరుకోనని చెప్పమంది.

కాల్పులు ఆగాయని నీకు పైవాళ్ళు చెప్పే ఉంటారు. ఎలా ఆగాయో మాత్రం చెప్పి ఉండరు, చెప్పేవాళ్ళకే తెలియదు. టీవీలో అయితే రోజూ ఒకాయన మ్యాపు మీద కర్ర ఆడిస్తూ, అగ్రరాజ్యాల ఒత్తిడి ఫలించిందని చెబుతున్నాడు. మీ బావ దానికి తలూపుతున్నాడు. అగ్రరాజ్యాల సంగతి నాకు తెలియదు గానీ, ఆ ఘడియలో ఆ గదిలో ఉన్నది ముగ్గురం. అందులో ఒకత్తి నీ అక్క, చేతిలో ఇస్త్రీపెట్టెతో.

మొదటి నుంచీ చెబుతాను విను. చర్చలకి ఊరు వెతికిన మధ్యవర్తులకి, ఒక పక్షానికి నచ్చిన ఊరు ఇంకో పక్షానికి నచ్చక తల ప్రాణం తోకకొచ్చిందట. చివరికి ఇద్దరికీ సమానంగా నచ్చని ఊరని మన ఊరిని ఖాయం చేశారు. ఇక్కడ లిఫ్టు పనిచేసే హోటలు ఒక్కటే, ఇన్నేళ్ళుగా నేను లాండ్రీ చూసుకుంటున్న మా హోటలు. మనవాళ్ళని రెండో అంతస్తులోనూ, అవతలివాళ్ళని నాలుగో అంతస్తులోనూ దించారు. మధ్యలో మూడోది ఎవరిదీ కాదు, ఖాళీ. అక్కడ ఉన్నదల్లా మా దుప్పట్ల గది.

చర్చల హాల్లో ఏం జరిగేదో నాకు తెలియదు. లాండ్రీలో జరిగిన యుద్ధం మాత్రం కళ్ళారా చూశాను. మాకు బట్టలుతికే మిషన్లు రెండున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మీ బట్టలు చిన్నదాంట్లో వేస్తామంటే ఏ దేశం ఒప్పుకుంటుంది? మధ్యవర్తి మేడమ్ కిందకి దిగి వచ్చి, ఒకరోజు వాళ్ళకి పెద్దది, ఒకరోజు వీళ్ళకి పెద్దది అని తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఇరుపక్షాల నుంచీ చెరో కాపలావాడు వచ్చి మిషన్ల ముందు కుర్చీలేసుకున్నారు. గిరగిరా తిరిగే పెద్దమనుషుల బనియన్లను కన్నార్పకుండా చూసేవాళ్ళు. సబ్బుపొడిలో ఏం కలిపావని వాళ్ళలో ఒకడు నన్ను నిలదీశాడు. నీళ్ళు కలిపాను నాయనా, నీళ్ళు లేకుండా ఉతకడం మా ఇంట్లో నేర్పలేదు అన్నాను.

మనవైపు పెద్దాయన పొట్టిగా, పనసపండులా ఉంటాడు. అవతలాయన తాటిచెట్టంత పొడుగు, చీపురుపుల్లంత లావు. మాట మనదే, యాస వేరు, అంతే. ఇద్దరూ ఎదురుపడితే ఒకాయన గోడ వైపు చూసేవాడు, ఇంకొకాయన పైకప్పు వైపు చూసేవాడు. వాళ్ళ వెనకున్నవాళ్ళు ఇంకా ఘోరం. మనాయన ఒకనాడు అవతలాయనకి తలుపు తెరిచి పట్టుకున్నాడని, లొంగిపోయాడని సాయంత్రానికల్లా పేపర్లో వేశారట. అప్పట్నుంచి ఎవరి తలుపు వాళ్ళదే.

అన్నీ తేలినట్టే తేలి, నువ్వు కూర్చున్న ఆ గుట్ట దగ్గర బండి ఆగిపోయింది. గుట్ట మాదంటే మాదన్నారు. బుధవారం నాడు మధ్యవర్తులు విసిగిపోయి, రేపు మధ్యాహ్నంలోగా తేల్చకపోతే మా దారిన మేం పోతామన్నారు. రెండువైపులవాళ్ళూ పెట్టెలు సర్దేసి కార్లలోకి ఎక్కించేశారు. ఆఖరి రోజు ఫొటోల కోసం చెరొక నల్ల సూటు మాత్రం ఉంచుకుని, నా దగ్గరికి పంపారు. చర్చలు విరిగితే గుట్ట మీద పెద్ద దాడి తప్పదని మీ బావ మీ శిబిరానికి రొట్టెల వ్యాను తోలుతూ ఎక్కడో విని వచ్చాడు. ఆ సూట్లు ఇస్త్రీ చేస్తుంటే నా చేతులు నా మాట వినలేదురా. అమ్మకి మాత్రం చెప్పలేదు.

గురువారం పొద్దున సూట్లు పైకి పంపాను. ఇంకా టీ నీళ్ళు పెట్టుకోలేదు, రెండో అంతస్తు నుంచి ఒక కేక, నాలుగో అంతస్తు నుంచి ఒక కేక. మా మేనేజరుని గంటగారు అంటామని నీకు తెలుసు కదా, ఏ పనికైనా బల్లమీద గంట వాయిస్తాడని. ఆయన గంట కూడా వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. సూట్లు తారుమారయ్యాయి. మనాయన అవతలాయన ప్యాంటులోకి మోకాళ్ళ దాకా దూరి, ముందుకీ పోలేక వెనక్కీ రాలేక మంచం మీద పడి ఉన్నాడట. అవతలాయనకి మనాయన ప్యాంటు పిక్కల దగ్గరే ఆగిపోయిందట, నడుము దగ్గర మాత్రం ఇంకో మనిషికి చోటు మిగిలిందట.

మార్చుకుంటే అయిపోయేదానికి, అది కాస్తా చిలికి చిలికి గాలివాన అయింది. ఇది శత్రువు కుట్ర అని మనవాళ్ళు, ఇది మా జాతికే అవమానం అని వాళ్ళు. ముందు మీరు పంపండి అని వీళ్ళు. ముందు మీరు పంపితే మేం పంపుతామని వాళ్ళు. ఖైదీల మార్పిడిలో లాగా ఏకకాలంలో జరగాలని ఎవడో అన్నాడు. మధ్యవర్తి మేడమ్ కాగితం మీద ఏదో రాయబోతే, మొదటి వాక్యంలో ఎవరి ప్యాంటు పేరు ముందు రావాలని మళ్ళీ గొడవ. టైమా, పరుగెడుతోంది. నలిగిన వాటిని మళ్ళీ ఇస్త్రీ చెయ్యాలని నన్ను మూడో అంతస్తు దుప్పట్ల గదికి తోలి, నీ ఉద్యోగం సంగతి తర్వాత చూస్తానని గంటగారు పళ్ళు కొరికాడు. ముందురోజు ఆ కంగారులో, సూట్లకి కట్టే గది నంబరు చీటీలు నేనే తారుమారు చేశానేమోనని నాకే అనుమానం.

ఇంతలో మెట్ల మీద చప్పుడు. పై నుంచి పొడుగాయన దిగాడు, కింది నుంచి పొట్టాయన ఎక్కాడు. ఇద్దరి ఒంటి మీదా హోటలు తెల్ల గౌన్లు, చేతుల్లో ప్యాంట్లు. వెనకాల రెండు దేశాల పటాలం. మనాయన వెనక్కి తిరిగి, ప్యాంటు లేకుండా నేను ఎవరికీ ప్రమాదం కాదు, ఆయనా కాదు, మీరంతా బయటే ఏడవండి అని తలుపు వేసేశాడు. నేను పోబోతే, నువ్వుండమ్మా, నీతోనే పని అన్నాడు.

ఇద్దరి చేతుల్లోని ప్యాంట్లూ అందుకుని ఇస్త్రీ మొదలుపెట్టాను. ఆవిరి చప్పుడొక్కటే. తర్వాత పొడుగాయన, ఆ ప్యాంటులో మీరు ఎంతదాకా వెళ్ళగలిగారని అడిగాడు. మోకాళ్ళ దాకా అన్నాడు మనాయన. మా సైన్యం కూడా మీ వైపు అంతకంటే ముందుకి రాలేదు లెండి అన్నాడు ఆయన. మనాయన ఒక్క క్షణం చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి గౌను ముడి ఊడింది, నేను గోడ వైపు తిరిగాను.

ఇక మురికి దుప్పట్ల మూటల మీద చతికిలబడ్డారు. ముందు మోకాళ్ళ నొప్పులు, తర్వాత షుగరు, తర్వాత మనవలు. ఆ గుట్ట మీకెందుకయ్యా అసలు అని మనాయన అడిగాడు. మీకెందుకో ముందు మీరు చెప్పండి అన్నాడు ఆయన. ఇద్దరూ గౌన్లు సర్దుకున్నారు. మీకు ఇస్తే మావాళ్ళు నన్ను బతకనివ్వరు అని ఒకరు, నన్ను మాత్రం బతకనిస్తారా అని ఒకరు. అయితే దాన్ని ఎవరికీ ఇవ్వకుండా ఇద్దరం దిగిపోదాం అనే మాట ఎవరి నోట ముందొచ్చిందో నేను చెప్పలేను, ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతున్నారు.

నా ఇస్త్రీ ఎప్పుడో అయిపోయింది. అయినా ఆపితే వీళ్ళ మాటలూ ఆగిపోతాయేమోనని, ఆ రెండు ప్యాంట్లనే తిరగేసి మరగేసి రుద్దుతూనే ఉన్నాను. అవి అయ్యాక తువాళ్ళు. అవీ అయ్యాక మసిగుడ్డ. మసిగుడ్డకి మడతలు పెడుతుంటే మనాయన చూశాడు. ఎవరైనా ఉన్నారా అమ్మా నీకు అక్కడ అన్నాడు. తమ్ముడున్నాడండీ, ఆ గుట్ట మీదే, వాడికి తిండి మీద తప్ప యుద్ధం మీద ధ్యాస లేదండీ, పొరపాటున అక్కడికి పోయాడు అన్నాను. పొడుగాయన తలెత్తి, ఉత్తరాలు రాస్తాడా అన్నాడు. రాయడండీ అన్నాను. మావాడూ అంతే అన్నాడాయన. తమ్ముడూ, ఆ మాట తర్వాత వాళ్ళిద్దరూ గుట్ట గురించి వాదించుకోలేదు. గాయపడ్డ ఖైదీలను ముందు ఎలా పంపాలి, ఏ దారిన దిగాలి, అదే మాట.

ప్యాంట్లు తొడుక్కుని బయటికి పోయే ముందు, మనం తిట్టుకుంటూ వెళ్ళాలి అన్నాడు మనాయన. అది నాకు బాగా అలవాటే అన్నాడు పొడుగాయన. తలుపు తీయడమే తడవు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు విరుచుకుపడుతూ నడిచారు. పటాలం వాళ్ళు తృప్తిగా వెనకాల నడిచారు. మధ్యాహ్నానికి సంతకాలు అయిపోయాయి.

సాయంత్రం ఇంటికొచ్చి కూలబడితే, ఈ సంధి వెనక ఎంత లోతైన వ్యూహం ఉందో ఆడవాళ్ళకి అర్థం కాదులే అని మీ బావ మొదలెట్టాడు. అవునండీ, కంచం తీయండి అన్నాను.

గంటగారు నాకు మెమో ఇచ్చాడు. అతిథుల దుస్తులు తారుమారు చేసి అంతర్జాతీయ సంక్షోభానికి కారణమైనందుకు, విచారణ తేలేదాకా ఇంట్లో ఉండమన్నాడు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది అనుకున్నాను. నువ్వు గుట్ట దిగావన్న కబురు చాలు. దిగేటప్పుడు కంగారుపడి దూకకు, ఆ దారిలో ఇంకా మందుపాతరలు ఉన్నాయట. ముందు నడిచేవాడి అడుగులోనే అడుగు వెయ్యి. నువ్వు వస్తే నీ గదిలో ఉన్న మీ బావ సామానంతా తీయించే పూచీ నాది.

నీ క్షేమం తప్ప ఇంకేమీ కోరని,
అక్క.

తా.క. ఈ ఉత్తరం మీ బావ వ్యానులోనే వస్తోంది గానీ, ఆయనకి చూపించకు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. కవరుకి జిగురు రెండుసార్లు రాసింది అందుకే. చదివి పొయ్యిలో వెయ్యి.

శుక్రవారం పొద్దున పొడుగాయన వెళ్ళిపోతూ నన్ను పిలిపించాడు. నీ మీద నింద పడిందట, క్షమించమ్మా, చీటీలు మార్చింది నేను అన్నాడు. బుధవారం సాయంత్రం కాపలావాళ్ళు భోజనానికి పోయినప్పుడు, వెనక మెట్ల మీదుగా తానే కిందకి దిగి, కట్టి ఉన్న చీటీలు ఇటుదటు అటుదిటు చేశాడట. అంత పెద్దమనిషి ఎందుకండీ ఈ పని అన్నాను. మీ పెద్దాయనతో ఒంటరిగా మాట్లాడతానంటే మావాళ్ళు ద్రోహి అంటారమ్మా, ప్యాంటు కోసం వెళ్ళానంటే ఎవరూ ఏమీ అనరు అన్నాడు.

బయటికి పొక్కితే ఆయన తల ఉండదు కాబట్టి తప్పు నాదిగానే ఉండనిమ్మన్నాను. గంటగారితో మాత్రం ఆయన, మిగతా ఖైదీల కోసం వచ్చే నెల మళ్ళీ కూర్చుంటాం, ఈవిడ లాండ్రీలో ఉంటేనే ఈ హోటలుకి వస్తాం అని గట్టిగా చెప్పాడట. నిన్ననే గంటగారు మెమో వెనక్కి తీసుకుని, నన్ను పనిలోకి రమ్మన్నాడు.

కారెక్కే ముందు నా చెవిలో ఇంకో మాట కూడా అన్నాడు. ఆ మూటల మీద కూర్చుంటే నడుము పట్టేసింది, ఏదైనా చూడగలవా అని. ఇవాళ పొద్దున్నే వెళ్ళి దుప్పట్ల గదిలో రెండు కుర్చీలు వేయించి వచ్చాను. రెండూ ఒకే ఎత్తువి.