స్లేట్‌హిల్ పందుల స్వేచ్ఛ

న్యూ హేవెన్, నవంబరు 4, 1787

నన్ను పెంచిన జెరూషా అత్తయ్యకు, అసాహెల్ వందనాలతో రాస్తున్నది.

నేను క్షేమం. నువ్వు అల్లి పంపిన మేజోళ్ళు అందాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, రెండూ వెచ్చన.

మా నీతిశాస్త్ర ఆచార్యులు ఈ వారం చెప్పిన పాఠం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. పైనుంచి ఒకడు కర్ర పట్టుకుని తోలితే తప్ప లోకం నడవదని రాజులు ఇన్నాళ్ళూ మనల్ని నమ్మించారట. అది శుద్ధ అబద్ధం అత్తయ్యా! ఎవరి మేలు వాళ్ళని వెతుక్కోనిస్తే చాలు, ఎవరూ తోలకుండానే అందరి కడుపూ నిండుతుంది. 'స్వేచ్ఛ' అనే మాటను ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి పుస్తకంలో దాచుకున్నాను. రోజుకు నాలుగుసార్లు తీసి చూసుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. మన చర్చి పెద్ద డీకన్ ఓబెడ్ గారి అమ్మాయి మెహిటబెల్, అదే మన హిట్టీ, నేనూ ఒకరినొకరం ఇష్టపడ్డామన్నది నీకు తెలుసు. డిసెంబరులో నాకు ఇరవై ఒకటి నిండుతాయి. నువ్వు వెళ్ళి డీకన్ గారి మనసు కనుక్కోవాలి. ఆమె లేకపోతే ఈ చదువంతా నాకు ఉత్త కాగితం.

నీ మేనల్లుడు,
అసాహెల్

తా.క. ఈ ఉత్తరం నీ పూటకూళ్ళ ఇంట్లో పొయ్యి దగ్గర చేరే వాళ్ళకు చదివి వినిపించకు.

*

స్లేట్‌హిల్, నవంబరు 25

చిరంజీవి అసాహెల్‌కు, అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం పొయ్యి దగ్గర చదివి వినిపించాను. తా.క. కూడా చదివాను. అందరూ బాగుందన్నారు.

డీకన్ గారింటికి వెళ్ళాను. ఆయన నా గుమ్మడి రొట్టె రెండు ముక్కలు తిని, మూతి తుడుచుకుని, "జెరూషా, కుర్రాడు మంచివాడే, కాదనను. కానీ ఊళ్ళో ఓ పదవంటూ లేనివాడికి పిల్లనివ్వను. నలుగురూ చేతులెత్తి ఎన్నుకున్నవాడైతే తీసుకురా, మాట్లాడదాం" అన్నారు. హిట్టీ గది అవతల వెన్న చిలుకుతోంది. కవ్వం చప్పుడు కాసేపు ఆగింది.

ఇంకో సంగతి. మన జేబెజ్ పోయిన మార్చి ఊరి సభలో పందుల అధికారి అయ్యాడు కదా. కొత్తగా పెళ్ళయినవాడి నెత్తినే ఆ పదవి పెట్టి నవ్వుకోవడం మన ఊరి ఆచారం, పాపం, వాడి పెళ్ళయి అప్పటికి పన్నెండు రోజులు. వీధిన పడ్డ పందులను పట్టడం, కంచెల్లో దూరకుండా మెడకు కాడి కట్టడం, నేల తవ్వకుండా ముక్కుకు కమ్మి వేయడం, అన్నీ వాడే. నీ ఉత్తరం విన్నాక వాడు తాడు నా గోడ మేకుకు తగిలించేశాడు. "ఎవరూ తోలకూడదని చదువుకున్నవాడే రాశాడు పిన్నీ, నేను మాత్రం రాజునా?" అన్నాడు.

మర్నాటికి పందులు డీకన్ గారి దొడ్లో దూరి పదకొండు గుమ్మడికాయలు తిన్నాయి. "నా చేత్తో గొళ్ళెం వేశాను, ఆ కుర్రాడి తత్వం తీసింది!" అని ఆయన వీధిలో నిలబడి అరిచారు.

ఆరోగ్యం చూసుకో.
జెరూషా అత్తయ్య

తా.క. అందరి కడుపూ నిండుతుందని నువ్వు రాసింది నిజమే. మొదటగా పందులకు నిండింది.

*

న్యూ హేవెన్, డిసెంబరు 16

జెరూషా అత్తయ్యకు, సిగ్గుతో అసాహెల్ రాస్తున్నది.

నేను రాసింది మనుషుల గురించి! స్వేచ్ఛ అంటే అదుపు లేకపోవడం కాదని జేబెజ్‌కు నచ్చజెప్పు. అధికారం ఒక్కడి చేతిలో ఉంటే వాడు దాన్ని పెంచుకుంటాడు, లేదా మేకుకు తగిలిస్తాడు. అందుకే ఒక అధికారానికి ఇంకో అధికారం కాపలా ఉండాలి. ఇప్పుడు దేశమంతా వాదులాడుకుంటున్న కొత్త రాజ్యాంగంలో ఉన్నది ఆ ఏర్పాటే. ఒక సభ తొందరపడితే రెండో సభ ఆపుతుంది, రెండూ తప్పితే మూడోవాడు ఆపుతాడు. గడియారం లోపలి చక్రాల్లా ఎంత ముచ్చటగా ఉంటుందో!

పదవి అన్నారు కదా డీకన్ గారు. ఆ రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా అని తేల్చే బోస్టన్ సభకు మన ఊరి ప్రతినిధిగా నన్ను పంపుతారేమో మెల్లగా కదిపి చూడు. ఉపన్యాసం ఒకటి ఇప్పటికే రాసుకున్నాను.

విధేయుడు,
అసాహెల్

తా.క. నువ్వు పంపిన చీజ్ దక్కలేదు. ప్రకృతి ఇచ్చినదానికి ఎవరు తమ శ్రమ కలిపితే అది వాళ్ళ ఆస్తి అవుతుందని మాకు పాఠం చెప్పారు. నా గది మిత్రుడు చాకుతో కోసి, తన శ్రమ కలిసింది కాబట్టి చీజ్ తనదేనన్నాడు. జవాబు వెతికేలోపు ఆస్తి అయిపోయింది.

*

స్లేట్‌హిల్, జనవరి 20, 1788

చిరంజీవి అసాహెల్‌కు,

బోస్టన్‌కు మనవాళ్ళు ఈపాటికే ఒకరిని పంపేశారు. ఆయన ఉపన్యాసం ఇవ్వడు, చెవులు కూడా సరిగా వినపడవు. అందుకే అందరికీ నమ్మకం.

నీ గడియారం చక్రాల సంగతి చదివాను. ఊరి పెద్దలకు తెగ నచ్చింది. జేబెజ్ మీద కాపలాకు ఒకణ్ణి వేశారు. వాడి మీద నిఘాకు ఇంకొకణ్ణి వేశారు. ఇప్పుడు ముగ్గురూ పొద్దుటి నుంచి నా పొయ్యి దగ్గర కూర్చుని, పులిసిన ఆపిల్ రసం తాగుతూ ఒకరినొకరు కన్నార్పకుండా చూసుకుంటున్నారు. ఒకడు లేస్తే మిగతా ఇద్దరూ "ఎక్కడికి?" అంటారు. పందుల్ని చూసేవాడు ఒక్కడూ లేడు.

చలికాలానికి కోసి ఉప్పు పీపాల్లో వేసినవి పోగా మిగిలిన తొమ్మిది పందులూ డీకన్ గారి మొక్కజొన్న గాదెలో పడ్డాయి. ఈసారి ఆయన గొళ్ళేనికి తాడు కూడా బిగించారు. తాడు ముడి నీటుగా విప్పి ఉంది. పందులు చదువుకుంటున్నాయని ఊళ్ళో గుసగుస. ఆదివారం అవి ప్రార్థన మందిరం నేల కింద చేరి, ప్రసంగం మధ్యలో గుర్రు పెట్టాయి. ఎవరు గుర్రు పెడుతున్నారోనని డీకన్ గారు వరస వరసా తిరిగి నిద్రపోతున్న నలుగురిని లేపారు. గుర్రు మాత్రం ఆగలేదు.

నీకు చెప్పడానికి బాధగానే ఉంది. ఆయన అందరి ముందూ అన్నారు: "ఆ కుర్రాడికి ఈ ఊళ్ళో ఏ పదవి దొరుకుతుందో చూస్తా. ఎవరూ పోటీపడనిది పందుల పదవి ఒక్కటే. అది పెళ్ళయినవాడికే. పెళ్ళి కావాలంటే నా పిల్ల కావాలి. నా పిల్ల కావాలంటే పదవి కావాలి. ఏదీ, దూరమను చూద్దాం ఈ కంచెలోకి!"

ధైర్యంగా ఉండు నాన్నా.
జెరూషా అత్తయ్య

తా.క. ఏలబడేవాళ్ళ సమ్మతి లేని ఏలుబడి చెల్లదని మీ పుస్తకాల్లో ఉందట కదా, అది కూతుళ్ళకు కూడా వర్తిస్తుందా అని హిట్టీ అడగమంది. వచ్చే చీజ్ కోసి పంపుతాను, శ్రమ నాది.

*

న్యూ హేవెన్, ఫిబ్రవరి 10

జెరూషా అత్తయ్యకు, అసాహెల్ రాస్తున్నది.

ఆ కంచె చుట్టూ పది రోజులు తిరిగాను. సందు లేదు. నిద్ర పట్టక బల్ల ముందు కూర్చుని ఆలోచిస్తే ఒకటి తోచింది. పెళ్ళయింది కాబట్టి పదవి ఇవ్వడమేమిటి? రాజు కొడుకు కాబట్టి రాజు కావడం ఎంత తెలివితక్కువో ఇదీ అంతే. అధికారం ఆచారాన్ని బట్టి కాదు, యోగ్యతను బట్టి రావాలి. ఆ పని గురించి ఎవరు ఎక్కువ ఆలోచించారో, ఎవరు దానికోసం నిజంగా తపిస్తారో వాళ్ళకు ఇవ్వాలి. జేబెజ్ తప్పు చేయలేదు, తప్పు పద్ధతిదే. పద్ధతి చెడ్డదైతే మంచివాడు కూడా తాడు మేకుకు తగిలిస్తాడు.

ఇది ఇప్పుడు రాసి ఏం లాభం? వసంతంలో ఏదో ఒక ఊళ్ళో బడిపంతులుగా చేరిపోతాను. హిట్టీకి చెప్పు: కూతుళ్ళకు వర్తించదని ఏ పుస్తకంలోనూ కనబడలేదు. ఆచార్యులను అడిగాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ ప్రశ్న మళ్ళీ అడగవద్దన్నారు. అంటే వర్తిస్తుందనే.

దిగులుతో,
అసాహెల్

తా.క. ఈ ఒక్క ఉత్తరమైనా ఎవరికీ చదివి వినిపించకు. బతిమాలుకుంటున్నాను.

*

స్లేట్‌హిల్, మార్చి 12

చిరంజీవి అసాహెల్‌కు, అత్తయ్య నవ్వాపుకుని రాస్తున్నది.

నీ మాట మన్నించాను. నేను చదవలేదు. జేబెజ్ చదివాడు, సోమవారం ఊరి సభలో, బల్లెక్కి.

నాకు ఓటు లేదు గానీ చెవులున్నాయి. హిట్టీతో కలిసి వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. సభకు పెద్దగా కూర్చున్నది డీకన్ గారే. పందుల అధికారి వంతు రాగానే ఊళ్ళో ఈ ఏడు ఒక్క పెళ్ళీ కాలేదని తేలింది. జేబెజ్ లేచాడు. "ఆచారం వద్దు, యోగ్యత చూడండి. ఈ ఊళ్ళో పందుల గురించి ఇంత ఆలోచించినవాడు ఎవడు? అయిదు నెలలుగా పుటలు పుటలు రాస్తున్నవాడు ఎవడు? ఇదిగో, వాడి చేతిరాత!" అని నీ ఉత్తరం చివరిదాకా చదివి, నీ పేరు ప్రతిపాదించాడు. మిగతా ఇద్దరు కాపలాదారులూ గంతేసి బలపరిచారు. నలభై మూడు చేతులు లేచాయి.

డీకన్ గారు ఓట్ల లెక్క ఎప్పుడూ తప్పు చెప్పరు. నలభై మూడని ప్రకటించి, సుత్తితో బల్ల మీద కొట్టేశారు. కొట్టాక గుర్తొచ్చింది. "ఆగండి! పెళ్ళికానివాడు పందుల అధికారి ఎలా అవుతాడు? మా తాత కాలం నుంచీ తప్పని ఆచారం!"

"ఎన్నిక అయిపోయింది కదా డీకన్ గారూ, సుత్తి కూడా కొట్టారు. ఆచారం నిలబెట్టాలంటే ఇక వాడికి పెళ్ళి చేయడమే" అన్నాడు జేబెజ్.

ఆయన సుత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. సుత్తి వెనక్కి తీసుకుంటే చట్టం పోతుంది. నిన్ను ఒంటరిగా వదిలేస్తే ఆచారం పోతుంది. పైగా నలుగురూ చేతులెత్తి ఎన్నుకున్నవాడైతే రమ్మన్నది ఆయనే. చివరికి గొంతు సవరించుకుని, "పిల్ల సమ్మతి కనుక్కోవాలి" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

వెనక తలుపు దగ్గర నుంచి "సమ్మతమే" అని వినబడింది. వీధి చివరిదాకా వినబడిందట.

వచ్చే ఆదివారం నుంచి మూడు వారాలు చర్చిలో మీ పెళ్ళి చాటింపు. ఏప్రిల్ రెండో వారానికి రా. తాడు మేకు మీదే ఉంది.

నీ జెరూషా అత్తయ్య

తా.క. ఈ కింద కాస్త చోటు వదలమని హిట్టీ అడిగింది. నేను చదవనని మాటిచ్చాను. చదివాను.

అసాహెల్, నాన్న పదవి అన్న రోజే ఊళ్ళో పదవులన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎవరికీ అక్కర్లేనిది ఒక్కటే కనిపించింది. దాన్ని ఇంకాస్త అక్కర్లేకుండా చేయాల్సి వచ్చింది. నీ తత్వానికి ఒక్క పందీ కదల్లేదు. పొద్దున్నే పాలు పితకడానికి వెళ్తూ గొళ్ళెం తీసింది, ముడి విప్పింది, మందిరం కింద మొక్కజొన్న చల్లింది నేనే. నల్ల ఆడపంది కరుస్తుంది, జాగ్రత్త. ఇక మీదట ఉత్తరాలు నా పేర రాయి.