పొట్టేలు ఒళ్ళు విదిలిస్తే డీజిలు

మార్చి 19, ఉగాది

ఓళిగలు నాలుగు తిన్నాను. ఐదోది తినే ముందు ఒక నిర్ణయం తీసుకున్నాను. ఆషామాషీ నిర్ణయం కాదు కాబట్టి, ఎరువుల అంగడివాళ్ళు ఇచ్చిన ఈ డైరీని దుమ్ము దులిపి మరీ రాస్తున్నాను.

బండి కొంటున్నాను! పికప్ బండి!

శివరాత్రి నుంచి మా బోరు నీళ్ళకు బదులు గాలి కక్కుతోంది. గుట్ట కింద చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండుతోంది. మా పెళ్ళైన ఏడాది నేనూ నందినీ దగ్గరుండి నాటించిన చెట్లు. ఇప్పుడిప్పుడే కాపు చేతికొస్తోంది. ఈ ఎండాకాలం గట్టెక్కిస్తే ఇంకా చాలా ఏళ్ళు కాస్తాయి. లేకపోతే పొయ్యిలోకే. వంక అవతల ఓబుళేసు బోరులో నీళ్ళున్నాయి, పట్టుకుపొమ్మన్నాడు కూడా. తెచ్చుకోవడమే కష్టం. మా చిన్న ట్యాంకరు ట్రాలీ కొట్టంలో ఊరికే పడి ఉంది, లాగే బండి లేదు. ఊళ్ళో ట్రాక్టరున్నది జయరాముడికి. వాడు పొద్దెక్కితే గాని లేవడు. లేచినా "సూద్దాంలే అన్నా" అంటాడు, అంతే.

పికప్ ఉంటే పొద్దునా సాయంత్రం ట్రాలీని వెనక కొక్కేనికి తగిలించి తోటకు నీళ్ళు లాగొచ్చు. పగలు అదే బండిలో అనంతపురం పోయి విత్తనాల గోడౌనులో నా గుమాస్తాగిరీ చేసుకోవచ్చు. ఒకటే బండి, రెండు పనులు!

మిగిలింది ఒక్కటే. గ్యాసుతో నడిచేదా, డీజిలుతో నడిచేదా?

తీర్మానం: నెలాఖరులోపు తేల్చేస్తాను. ఎవర్నీ అడగను. నా బుర్ర, నా నిర్ణయం.

నందినికి చదివి వినిపించాను. నందిని మా మేనమామ కూతురు, ముదిగుబ్బ పిల్ల. చిన్నప్పటి నుంచీ నన్ను ఎరుగును కాబట్టి నా మీద నమ్మకం బొత్తిగా లేదు.

"ఎవుర్నీ అడగవా? చొక్కా కొనేదానికి పోతే అంగట్లో ఉండేటోళ్ళందర్నీ అడిగేవోడివి కదా బావా నువ్వు!"

చూపిస్తాను. ఐదో ఓళిగ కూడా తిన్నాను.

మార్చి 20

పొద్దున 6: డీజిలు. తేలిపోయింది! నిండు ట్యాంకరు లాగాలంటే డీజిలే. ఇంత చిన్న విషయానికి నెలాఖరు దాకా గడువెందుకు పెట్టుకున్నానో!

సాయంత్రం: స్కూటరుకు పెట్రోలు కొట్టించుకుంటూ, పక్కన డీజిలు పోయించుకుంటున్న పికప్ ఆయనతో మాటవరసకు అన్నాను. అడగలేదు, అన్నాను.

"గ్యాసు తీసుకోప్పా," అన్నాడు. "ఈ డీజిలు పోసి పోసి నా పని అయిపోయినాది."

ఆయన వెనకాయన కిటికీలోంచి తల బయట పెట్టి అదే మాట. ఆ వెనక బండివాడు ఏకంగా దిగొచ్చి చెప్పాడు. డీజిలు లైను మొత్తం గ్యాసే అంటోంది.

రాత్రి: గ్యాసు. ఇదే ఖాయం.

మార్చి 21

అనంతపురంలో గ్యాసు బంకు చూడ్డానికి పోయాను. చూడ్డానికి మాత్రమే. అక్కడ లైను బంకులోంచి బయటికొచ్చి, రోడ్డు పట్టుకుని, మలుపు తిరిగి కనబడకుండా పోయింది. లైనులో నిలబడితే పక్కవాడితో మాట్లాడకుండా ఉండటం మర్యాద కాదు కదా.

"డీజిలు తీసుకో అన్నా," అన్నాడు పక్కవాడు. "ఈడ కాసుకోని కాసుకోని నాకు గడ్డం పెరిగినాది."

ముందువాళ్ళదీ వెనకవాళ్ళదీ అదే మాట. గ్యాసు లైను మొత్తం డీజిలే అంటోంది. మాటల్లో పడి లైనుతో పాటు నేనూ జరుగుతూ చివరికి పంపు దాకా వచ్చేశాను.

"సిలిండరు యాడ?" అన్నాడు పంపు మనిషి, నా స్కూటరు చుట్టూ తిరిగి చూస్తూ.

గోడౌనుకు పోయేసరికి మధ్యాహ్నం. ఆలస్యమెందుకైందని మేనేజరు అడిగాడు. చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని తన అభిప్రాయం మొదలుపెట్టాడు. నేనేం అడగలేదు, ఆయనే చెప్పాడు. లెక్కలోకి రాదు.

మార్చి 22, ఆదివారం

నందిని తమ్ముడు చంద్రమోహన్ సోమందేపల్లె నుంచి తన గ్యాసు బండిలో దిగాడు. నందిని ఫోన్‌లో చెప్పిందట.

"హైవే మింద నా బండి పోతాంటే సప్పుడే రాదు బావా! కండ్లు మూసుకోని గ్యాసు తీసుకో."

"బరువు లాగుతుందా?"

"లాగకేమి? నేను దినామూ లోడు తోలుతాండా."

అయితే సరే. ట్రాలీని బండికి గట్టిగా తగిలించి, ఓబుళేసు బోరు దగ్గర నిండా నింపాం. మా నాయన బయ్యన్న వెనక తొట్టిలో ఎక్కి కూర్చున్నాడు. ఆయన మొదటి నుంచీ డీజిలు పక్షం. వంకలోకి హాయిగా దిగాం. ఎక్కేటప్పుడు బండి సగం దాకా వచ్చి ఆగింది. కాసేపు ఆలోచించింది. మెల్లగా వెనక్కి జారింది. నాయన దూకి చక్రం కింద రాయి పెట్టకపోయుంటే ముగ్గురం మళ్ళీ ఓబుళేసు దగ్గరే తేలేవాళ్ళం. బరువు తగ్గించడానికి సగం నీళ్ళు వంకలోనే వదిలేశాం. ఆ ఇసుక నీళ్ళు తాగేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఇంతకూ నువ్వు తోలే లోడేమి చంద్రా?" అని అడిగాను.

"కోడిగుడ్లు బావా."

డీజిలు!

మార్చి 24

షోరూమువాళ్ళు నడిపి చూసుకోమని డీజిలు బండి ఇచ్చారు. నిండు ట్యాంకరుతో వంక దాటి అవలీలగా గట్టెక్కింది. నాయన మీసం మెలేశాడు. ఒక్క ట్యాంకరు నీళ్ళు తోటకు అందాయి. ఎంత హాయిగా ఉందో!

ఆ ఊపులోనే గోడౌనుకు తీసుకుపోయాను. మా గోడౌను సందు స్కూటర్ల కోసం పుట్టింది. ముక్కు దూరింది, ఒళ్ళు దూరలేదు. అటొక ఆటో, ఇటొక తోపుడు బండి, వెనక ఇంకో ఆటో. సందులోని జనమంతా గుమిగూడి నాకు వెనక్కి తీయడం నేర్పించారు. ఒక్కొక్కరు ఒక్కో దిక్కుకు చెయ్యి ఊపారు. చివరికి మూడు వీధుల అవతల నిలిపి నడిచొచ్చాను. రోజూ ఇదేనా?

తోటకు డీజిలు. పట్నానికి కాస్త సన్నగా ఉండే గ్యాసు బండి. రెండు పనులకూ ఒకటే బండి అని రాసిందెవరు? ఆ పేజీ చించేద్దామనుకున్నాను. వెనక పేజీలో పాలవాడి లెక్క ఉంది, అందుకని ఆగాను.

మార్చి 26

డైరీ తెరిస్తే పేజీల మధ్య రాలిన చీనీ పిందెలు. పచ్చివి, గోళీలంతేసి. నందిని పెట్టింది. ఆమె స్కూటరు మీద క్యాన్లతో ఓబుళేసు దగ్గర్నుంచి నీళ్ళు మోసి, ఎండుమొహం పట్టిన చెట్లకు పోస్తోంది. అరచేతులు కాయలు కాశాయి.

తిట్టినా బాగుండేది. పిందెల్ని ఏరి జేబులో వేసుకున్నాను.

నెలాఖరు ఇంకా రాలేదు కదా. తేల్చేస్తాను. గ్యాసు వైపు కాస్త మొగ్గుగా ఉంది. డీజిలు వైపు కూడా.

మార్చి 28

నాయన దారి చూపాడు.

"మారెమ్మకు ఇడిసిన పొట్టేలుండాది కదరా. దాన్ని అడుగుదాం."

మా వైపు జాతరలో పొట్టేలు మీద పసుపు నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా అందరూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. పొట్టేలు మనిషి కాదు కాబట్టి తీర్మానానికి భంగం లేదు.

పెరట్లో బిందె పెట్టుకుని మొదలుపెట్టాం. డీజిలని చెప్పి ఒక చెంబు పోశాం. కదల్లేదు. ఇంకో చెంబు. షోరూమువాళ్ళిచ్చిన డీజిలు బండి కాగితం నా చేతిలోంచి లాక్కుని నమలసాగింది. గ్యాసని చెప్పి పోశాం. తల నుంచి తోక దాకా విదిలించింది! నా చొక్కా తడిసి ముద్దైంది. గ్యాసు! అమ్మవారి మాట!

"ఈగ వాల్తే ఇదిలించుకునింది రా," అన్నాడు నాయన. "కాగితం ఎంత ఇష్టంగా తినిందో సూడ్లేదా? దానికి డీజిలే కావాల్ల."

మళ్ళీ అడిగాం. డీజిలన్నా విదిలించింది. గ్యాసన్నా విదిలించింది. ఏమీ అనకపోయినా విదిలించింది. అప్పటికి నిలువునా తడిసి ఉంది మరి. మాకెవరికీ ఆ సంగతి తోచలేదు. అమ్మవారు మాట మారుస్తోందనుకుని చెంబు మీద చెంబు పోశాం.

నందిని ఖాళీ క్యాన్లతో వచ్చి గుమ్మంలో నిలబడింది. అడుగంటిన బిందె చూసింది. తడిసిన పొట్టేలును చూసింది.

"అవి తోటకని పెట్టిన నీళ్ళు మామా," అంది.

నాయన చెంబు కింద పెట్టి, ఏదో పనున్నట్టు మెల్లగా వీధిలోకి పోయాడు. నాకు పోవడానికి వీధి కూడా లేదు.

మార్చి 29, ఆదివారం

ఊరంతా పొక్కింది. నాయన వీధిలోకి పోయింది అందుకేనట.

తెల్లారేసరికి పెరట్లో జనం. మా పొట్టేలు ఏదడిగినా చెబుతుందట! నిన్నంతా నానినందుకు అది తుమ్ముతోంది. తుమ్మితే అవునా కాదా అని అరుగు మీద పెద్దవాళ్ళు వాదులాట. ఓబుళేసు తన చెంబు తనే తెచ్చుకుని, వచ్చేకారు శనక్కాయ వేయాలా కంది వేయాలా అని అడిగాడు. పొట్టేలు తుమ్మింది. ఆయన దండం పెట్టి పోయాడు. ఏం అర్థమైందో ఏమో.

ఎప్పుడూ పొద్దెక్కితే గాని లేవని జయరాముడు కూడా వచ్చాడు! ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే గార్లదిన్నెకు నీళ్ళు తోలుతూ దారిలో ఆగాడట. నిండు ట్యాంకరుతో ట్రాక్టరు మా వాకిట్లోనే నిలిపి లైనులో నిలబడ్డాడు.

"మా మామ నాతో మాటలిడిసి ఏడాదైంది విష్ణన్నా. ముందు నేను పోయి పలకరించాల్నా వొద్దా? అడిగి సెప్పు."

నేను చెంబెత్తాను. అందరూ ఊపిరి బిగబట్టారు. అప్పుడు వాకిట్లో ట్రాక్టరు స్టార్టయింది.

"నా బండి!" అంటూ జయరాముడు పరిగెత్తాడు. వాడి వెనక నేను, నా వెనక ఊరు, అందరి వెనక పొట్టేలు.

తోట దగ్గర ట్రాక్టరు తిన్నగా నిలబడి ఉంది. ఒక్క గట్టు తెగలేదు, ఒక్క కొమ్మ విరగలేదు. నందిని కొంగు నడుముకు చుట్టి చెట్టు చెట్టుకూ పైపు పెడుతోంది. పాదుల్లో నీళ్ళు గుటగుట దిగుతున్నాయి.

"నీకు ట్రాక్టరొచ్చా?" అన్నాను రొప్పుతూ.

"పెండ్లి కాకముందు మా నాయన సేన్లో సేద్యం చేసిందెవురనుకున్నావు? చంద్రా అనుకున్నావా? వాడు గుడ్లు తోలేదానికే భయపడి సస్తాడు."

"మరి చెప్పలేదే!"

"బంకులో వాళ్ళనడిగితివి. లైన్లో వాళ్ళనడిగితివి. కడాకు పొట్టేల్ని గూడా అడిగితివి. నన్నడిగితివా బావా?"

ఊరంతా విన్నది. ఊరంతా నా వైపే చూసింది. పొట్టేలు తుమ్మింది.

నిజమే. అందర్నీ అడిగాను, ఆమెను తప్ప. ఆ చెట్లు నావెంతో ఆమెవీ అంతే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పైపు అందుకుని పక్క చెట్టుకు పెట్టాను. అది కూడా తప్పు చెట్టట, అప్పటికే తడిపిందట.

జయరాముడు మాత్రం ఎగిరి గంతేశాడు. "మొబ్బులో, తెల్లారకముందే, నా నీళ్ళు తోలే పని నువ్వే సూసుకోక్కా, నీ తోటకూ తోలుకో. ట్రాక్టరు నీ వాకిట్లోనే పెట్టిపోతా. నేను హాయిగా పండుకుంటా!"

అట్లా తేలింది. గ్యాసూ కాదు, డీజిలు పికప్పూ కాదు. నెలాఖరులోపే తేలింది గాని, తేల్చింది నేను కాదు.

ఏప్రిల్ 6

ఎండిన కొమ్మల పక్కన చిగుళ్ళు! నందిని చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపించింది. ఇద్దరం చెట్టు చెట్టుకూ తిరిగి చిగుళ్ళు లెక్కపెట్టాం. తోట బతికింది. జయరాముడు మామగారింటికి పోయి రెండు రోజులైంది, ఇంకా తిరిగి రాలేదు. అక్కడ కూడా హాయిగా నిద్రపోతున్నాడేమో.

ఇక నీళ్ళ బాధ లేదు కాబట్టి పికప్పూ అక్కర్లేదు. గోడౌనుకు పోయి రావడానికి ఒక కొత్త స్కూటరు చాలు. పాతది మూలుగుతోంది. కాబట్టి ఒకటే ప్రశ్న. పెట్రోలుదా, కరెంటుదా?

కొత్త తీర్మానం: ఈ నెలాఖరులోపు తేల్చేస్తాను. ఎవర్నీ అడగను. పొట్టేలును అసలే అడగను.

ఇంతవరకు రాసేసరికి నెత్తిన చల్లగా నీళ్ళు పడ్డాయి. వెనక చెంబుతో నందిని. ఒళ్ళంతా జలదరించి విదిలించాను.

"మామా, ఒప్పుకునినాడు!" అని కేకేసింది. వాకిట్లోంచి నాయన చప్పట్లు వినబడ్డాయి.

దేనికి ఒప్పుకున్నానో చెప్పలేదు. అడుగుదామంటే, ఎవర్నీ అడగనని ఇప్పుడే రాసుకున్నాను.